బ్రౌన్ దొర – మాటలోని అర్థాలు

నానార్థాలు అనగానే మనలో చాలామందికి పరీక్ష పేపరు గుర్తుకొస్తుంది. పాఠం చివర పర్యాయపదాలు, ప్రకృతి వికృతులు, వ్యుత్పత్త్యర్థాలు, వాటి పక్కనే నానార్థాలు. కరము అంటే చేయి, కిరణము, తొండము, పన్ను అని బట్టీపట్టి, మర్నాడు పేపరు మీద దించేసి, మార్కులు రాగానే మరిచిపోవడం మన అలవాటు. ఒకే మాట చేయి ఎట్లా అయింది, పన్ను ఎట్లా అయింది, ఎక్కడ ఏది అనుకోవాలి అని అడిగిన పిల్లవాడు అరుదు. అడిగితే ఓపికగా చెప్పిన పెద్దవాడు ఇంకా అరుదు.

అయితే సుమారు రెండు వందల ఏళ్ళ కిందట ఒక కుర్రవాడు ఈ ప్రశ్న అడిగాడు. అతడు తెలుగువాడు కాడు. మన నేల మీద కాలు పెట్టేనాటికి అతనికి తెలుగులో ఒక్క అక్షరం రాదు. చేతిలో సరైన నిఘంటువు లేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే అతని యౌవనం, డబ్బు, ఆరోగ్యం ఖర్చయిపోయాయి. చివరికి జవాబును పెద్ద పుస్తకంగా అచ్చువేయించి మనకు ఇచ్చి వెళ్ళాడు. ఆయనే ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. బ్రౌన్ దొర కథ మనకు కొత్తది కాదు. వేమనను వెలికితీసినవాడుగా, తాళపత్రాలను కాపాడినవాడుగా ఆయనను అందరూ పొగుడుతారు. ఈ చిన్న వ్యాసంలో ఆయనను మరో వైపు నుంచి చూద్దాం. అనేకార్థాల మాటలు నేర్చుకున్న విద్యార్థిగా, వాటిని నేర్పిన గురువుగా ఆయన జీవితం మనకు ఏం చెబుతుందో చూద్దాం.

ముందుగా ఆనాటి మన చదువు ఎట్లా ఉండేదో ఒక మాట. వీధి అరుగు మీద బడి, ఇసుకలో అక్షరాలు, ఆ తరువాత అమరకోశం. అమరంలో మూడో కాండలో నానార్థ వర్గం ఉంది. తెలుగు మాటలకు పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహం ఉంది. అందులోనూ చివర నానార్థాలకు ఒక వర్గం కేటాయించాడు. పిల్లలు వీటిని అర్థం తెలిసినా తెలియకపోయినా గొంతెత్తి వల్లించేవారు. ఇది పనికిమాలిన పద్ధతి అని కొట్టిపారేయడం న్యాయం కాదు. అచ్చు పుస్తకం లేని రోజుల్లో నోరే పుస్తకం, జ్ఞాపకమే బీరువా. కాని జాబితా తెలిసినంత మాత్రాన మాట తెలిసినట్లు కాదు. పాత శాస్త్రకారులే దీనికి ఒక ముచ్చట చెప్పేవారు. సైంధవం అంటే ఉప్పు, గుర్రం కూడా. యజమాని సైంధవం తెమ్మన్నాడు. భోజనం దగ్గర అంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి సిద్ధమై అంటే గుర్రం తేవాలి. రెండు అర్థాలూ కంఠతా వచ్చిన నౌకరు అయినా విస్తరి ముందుకు గుర్రాన్ని తోలుకొస్తే ఏమనాలి? సందర్భం తెలియనివాడికి నానార్థాలు తెలిసి లాభం లేదన్నమాట.

బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ మతగురువు, ఫోర్టు విలియం కాలేజీలో పెద్ద పదవిలో ఉన్నవాడు, బహుభాషా ప్రియుడు. కొడుకుకు చిన్నతనంలోనే హీబ్రూ, అరబ్బీ, పారశీకం, హిందుస్తానీ రుచి చూపించాడు. 1812లో తండ్రి చనిపోయాడు. కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. అక్కడ హెయిలీబరీ కాలేజీలో కంపెనీ ఉద్యోగానికి కావలసిన చదువు చదివి, 1817 ఆగస్టులో మద్రాసు రేవులో దిగాడు. అప్పటికి అతనికి ఇంకా పందొమ్మిదేళ్ళు నిండలేదు. మనలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న కుర్రాడి వయసు!

మద్రాసులో కంపెనీ యువ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1812లో సెయింట్ జార్జి కోట కాలేజీ పెట్టారు. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర బ్రౌన్ తెలుగు నేర్చుకున్నాడు. ఆనాటి పండితుల బోధన పద్ధతి వేరు. పద్యంలో తెలుగు మాట ఎదురైతే దానికి సమానమైన సంస్కృత పదం చెప్పడం, సంస్కృత పదం ఎదురైతే మరో సంస్కృత పదం చెప్పడం పరిపాటి. ఒక తాళానికి మరో తాళం వేసినట్లు ఉండేది ఆ వ్యవహారం. పుట్టుకతో తెలుగు తెలిసిన పిల్లవాడు ఎట్లాగో అల్లుకుపోతాడు. పరాయివాడికి అది సాగదు. ఆ మాటను బజారులో ఏ అర్థంలో వాడతారు, కచేరిలో ఏ అర్థంలో వాడతారు, కావ్యంలో ఏ అర్థంలో వాడతారు అని విడివిడిగా చెబితే తప్ప అతనికి మింగుడుపడదు. బ్రౌన్‌లోని భావి నిఘంటుకారుడు ఈ ఇబ్బందిలోనే పుట్టాడని చెప్పుకోవచ్చు.

1820లో పరీక్ష గట్టెక్కి, ఆ ఏడు ఆగస్టులో కడప కలెక్టరు దగ్గర సహాయకుడుగా చేరాడు. అప్పుడే థామస్ మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. దత్తమండలాల్లో రైతుల మధ్య తిరిగిన మన్రోకు జనం భాష రాని అధికారి వల్ల కలిగే నష్టం బాగా తెలుసు. కడప కలెక్టరు హాన్‌బరీ కూడా తెలుగు చక్కగా మాట్లాడేవాడు. ఈ వాతావరణంలో పడ్డ బ్రౌన్‌కు కాలేజీ తెలుగు చాలలేదు. కచేరి మెట్లెక్కి వచ్చే రైతు అమరకోశంలోని మాటలు మాట్లాడడు కదా.

ఒక ఉదాహరణ చూడండి. కొట్టు అనే చిన్న మాట ఉంది. కొట్టు అంటే బాదడం. కొట్టు అంటే అంగడి. ధాన్యం పోసుకునే గదీ కొట్టే. చెట్టు కొట్టాడంటే నరికాడు, టెంకాయ కొట్టాడంటే మొక్కు తీర్చాడు, డప్పు కొట్టాడంటే వాయించాడు, సొమ్ము కొట్టేశాడంటే దొంగిలించాడు. ఇప్పుడు చదువురాని రైతు ఒకడు దొర ముందు నిలబడి పొరుగువాడు నా కొట్టు కొట్టాడు అని మొరపెట్టుకున్నాడనుకుందాం. పక్కన నిలుచున్న దుబాసీ దానిని ఒక విధంగా చెబితే చిన్న తగాదా, మరో విధంగా చెబితే దోపిడీ. ముద్దాయికి పడే శిక్ష ఆ ఒక్క మాట అర్థం మీద ఆధారపడి ఉంటుంది. మనకు నానార్థం తప్పితే అరమార్కు పోతుంది. ఆనాటి కచేరిలో అది తప్పితే ఒక సంసారం వీధిన పడేది. బ్రౌన్ దుబాసీల మీద పూర్తిగా ఆధారపడక స్వయంగా తెలుగులోకి దిగాలని పట్టుబట్టడానికి ఇది చిన్న కారణం కాదు.

నేర్చుకుంటూనే నేర్పడం కూడా మొదలుపెట్టాడు. 1821లో కడపలో రెండు ధర్మబడులు పెట్టాడు. మచిలీపట్నానికి బదిలీ అయ్యాక అక్కడ 1823లో మరో రెండు పెట్టాడు. వాటిలో పిల్లలకు తెలుగు, హిందుస్తానీ ఉచితంగా చెప్పించాడు. ఇరవైమూడేళ్ళ ఉద్యోగి తన జీతంలోంచి పంతుళ్ళకు జీతాలిచ్చి బడులు నడపడం ఈ రోజుల్లోనూ వింతే.

మచిలీపట్నంలో ఉన్నప్పుడే, 1824 ప్రాంతంలో, అబె దుబాయ్ అనే ఫ్రెంచి మతగురువు రాసిన పుస్తకం చదువుతూ వేమన పేరు చూశాడు. వెంటనే వేమన పద్యాల ప్రతులు సేకరించడం మొదలుపెట్టాడు. పండితులు అంతగా పట్టించుకోని వేమన ఈ పరదేశికి ఎందుకు నచ్చాడు? భావం సంగతి అట్లా ఉంచితే, భాష కూడా ఒక కారణం అనిపిస్తుంది. వేమన వాడినవి ఇంటి మాటలు, పొలం మాటలు. కాని ఆ మాటలు పైకి ఒకటి చెప్పి లోపల మరొకటి చూపుతాయి. చిన్న మాటలో పెద్ద అర్థం పట్టడం నేర్చుకునేవాడికి అంతకంటె మంచి వాచకం ఏముంటుంది? 1829లో ఆ పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో సహా అచ్చు వేయించాడు. 1839లో మరిన్ని పద్యాలతో మళ్ళీ వేయించాడు.

1825-26లో రాజమండ్రిలో పనిచేసి, తిరిగి కడప వచ్చాక అక్కడ ఒక బంగళా, తోట కొన్నాడు. పండితులను పిలిపించి సొంత ఖర్చు మీద పనిలో పెట్టాడు. దానినే జనం బ్రౌన్ కాలేజీ అన్నారు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి విద్వాంసులు ఆయన దగ్గర పనిచేశారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ వ్యవహారాలు చూసుకునేవాడు. ఒకే కావ్యానికి నాలుగైదు ఊళ్ళ నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించడం, పక్కపక్కన పెట్టి పోల్చడం, తప్పులు దిద్దించడం, శుద్ధప్రతి రాయించడం, టీకలు రాయించడం అక్కడి నిత్యకృత్యం. ఇందుకు జీతం చాలక అప్పులు చేశాడు. ఆ అప్పులు ఆయనను చాలా ఏళ్ళు వెంటాడాయి. ఆయన పెళ్ళి చేసుకోలేదు. పుస్తకాలే సంసారం.

ఆ టీకల పని ఎంత కష్టమో ఊహించాలంటే మన ప్రబంధాల సంగతి తెలియాలి. వసుచరిత్రలో శ్లేష అడుగడుగునా ఉంటుంది. ఇక పింగళి సూరన రాఘవపాండవీయం సంగతి చెప్పనే అక్కరలేదు. అదే పద్యం ఒక విధంగా విడగొడితే రామాయణం, మరో విధంగా విడగొడితే భారతం. నానార్థాలను తాడుగా పేని దాని మీద నడిచిన కవులు మనవాళ్ళు. సమర్థుడైన పండితుడు పక్కన కూర్చుని మాట మాటకూ అర్థం విప్పి చెప్పకపోతే మన డిగ్రీ విద్యార్థులే దిక్కులు చూస్తారు. బ్రౌన్ ఆ విప్పి చెప్పే పనిని కాగితం మీద పెట్టించాడు. జూలూరి అప్పయ్య వ్యాఖ్య రాసిన మనుచరిత్ర 1851లో అచ్చయింది. గురుముఖంగా కొద్దిమందికి అందే విద్య ఆ విధంగా పుస్తకం కొనుక్కున్న ప్రతివాడికీ అందింది.

ఇప్పుడు మన ప్రాంతం కథకు వద్దాం. 1832-33లో బ్రౌన్ గుంటూరు జిల్లాలో పనిచేశాడు. అది నందన నామ సంవత్సరం. నందనుడు అంటే కొడుకు, నందనం అంటే ఇంద్రుడి తోట, నందన అంటే ఆనందం కలిగించేది. ఇంత చల్లని పేరు గల ఆ ఏడు మన జిల్లాను కాటికి పంపింది. నందన కరువు అనీ, డొక్కల కరువు అనీ జనం చెప్పుకున్నది దానినే. జిల్లాలో ఉన్న సుమారు 5 లక్షల జనంలో 2 లక్షల మంది దాకా సమసిపోయారని చరిత్రకారుల లెక్క. అప్పటికి కృష్ణకు ఆనకట్ట లేదు. నది పక్కనే పారుతున్నా పొలానికి నీరెక్కదు. గుంటూరు జిల్లావాళ్ళకు నందన అనే మాటకు ఇంకో అర్థం చేరింది. ఏ అమరకోశంలోనూ లేని అర్థం అది.

ఆ రోజుల్లో పై అధికారులకు రాసే కాగితాలలో మెత్తని మాటలు వాడడం రివాజు. ధాన్యం కొరత అంటే ఒక తీరు, కరువు అంటే మరో తీరు. కొరత అంటే సర్దుకుపోవచ్చు. కరువు అంటే ప్రభుత్వం గంజి పోయాలి, పన్ను ఆపాలి, జవాబు చెప్పాలి. బ్రౌన్ తన నివేదికలలో కరువు అనే మాటనే వాడాడు. అది పైవాళ్ళకు రుచించలేదు, మందలింపు వచ్చింది. ఒకే సంగతికి రెండు మాటలున్నప్పుడు ఏది ఎన్నుకుంటామన్నదానిలో మనిషి నిజాయితీ బయటపడుతుంది. దగ్గరగా కనిపించే రెండు మాటలు ఒకటి కావని బాగా ఎరిగినవాడు కనుకనే ఆయన ఆ మాటను మార్చడానికి ఇష్టపడలేదు. ఈ ఒక్క సంగతి చాలు, ఆయన నిఘంటువు వెనుక ఉన్న మనసు ఎట్లాంటిదో తెలియడానికి.

1834 తరువాత ఇంగ్లండు వెళ్ళాడు. విశ్రాంతికి వెళ్ళినవాడు అక్కడా ఊరుకోలేదు. కంపెనీ గ్రంథాలయంలో హోరేస్ విల్సన్ అజమాయిషీలో దక్షిణ దేశపు రాతప్రతులు గుట్టలుగా పడి ఉన్నాయి. చదవగలిగినవారు లేక దుమ్ము పట్టినవి. బ్రౌన్ వాటికి పట్టికలు తయారుచేసి, అవి మద్రాసు చేరేదాకా పట్టు విడవలేదు. 1838లో మద్రాసు తిరిగి వచ్చి ప్రభుత్వ అనువాదకుడుగా, తపాలా శాఖ అధిపతిగా పనిచేస్తూ సొంత పని సాగించాడు. 1840లో తెలుగు వ్యాకరణం అచ్చయింది. ఆయన చేర్చిన వేలకొద్దీ ప్రతులు మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి పునాదిరాళ్ళయ్యాయి.

చివరికి 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసు వెపేరీలోని క్రైస్తవ విజ్ఞాన సంఘం ముద్రణశాలలో అచ్చయింది. కృష్ణకు బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలైనది కూడా ఆ 1852లోనే. అది 1855లో పూర్తయింది. పొలాలకు నీళ్ళు, చదువరులకు మాటలు ఒకే కాలంలో వచ్చాయన్నమాట. అప్పటికి నిఘంటువులు అసలు లేవని కాదు. మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక తయారుచేశాడు. క్యాంబెల్ నిఘంటువు 1821లో వచ్చింది. వీరి కష్టం బ్రౌన్‌కు ఉపయోగపడింది. అయితే బ్రౌన్ చేసిన కొత్త పని ఒకటుంది. ఒక మాటకు గల అర్థాలను వరసగా పేర్చి, వాటికి తోడుగా ఆ మాట కలిసే పలుకుబడులు, కావ్య ప్రయోగాలు, జనం నోటి వాడుకలు చేర్చాడు. ఒక అర్థానికి ఒక చోటు చూపించాడు. సైంధవం ఉప్పూ అవుతుంది, గుర్రమూ అవుతుంది అని చెప్పి వదిలేయకుండా విస్తరినీ, వీధి గుమ్మాన్నీ కూడా చూపించాడన్నమాట.

ఆ పద్ధతిని పిల్లలకు చెప్పడానికి మా రేపల్లె, నిజాంపట్నం వైపు మాటలే చాలు. 1611లో ఇంగ్లీషు వర్తకుల ఓడ వచ్చి ఆగిన పెతపోలి అంటే ఈ నిజాంపట్నమే. దాని చెంతనే మా అడవులదీవి. ఊరి పేరులోనే అడవి ఉంది, దీవి ఉంది. దీవికే దివి అని మరో రూపం. కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న దివిసీమలోని దివి అదే. దివి అంటే స్వర్గం అని మాత్రమే చదువుకున్న పిల్లవాడు దివిసీమ అంటే దేవతల సీమ అని రాసినా రాస్తాడు. ఇక పాయ సంగతి. కృష్ణ పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. అమ్మాయి జడ మూడు పాయలుగా అల్లుతారు. వెల్లుల్లికీ పాయ అనే మాట తగులుకునే ఉంటుంది. ఒకటి చీలి పక్కపక్కన సాగడం అన్న భావం ఏటికీ జడకూ ఒక్కటే. ఈ సంగతి చెబితే పిల్లవాడు మళ్ళీ జన్మలో పాయను మరచిపోడు. కట్ట అంటే చెరువు గట్టు, కట్ట అంటే పచ్చగడ్డి మోపు. రెండూ కట్టడంలోంచి వచ్చినవే. నెల అంటే చందమామ, నెల అంటే ముప్పై రోజులు. చందమామ ఒక చుట్టు తిరిగి వస్తే నెల అయినట్లే కనుక ఆ పేరు దీనికి వచ్చింది. సంస్కృతంలో పాదమూ అంతే. నాలుగు కాళ్ళ జంతువుకు ఒక కాలు నాలుగో వంతు కనుక పాదం అంటే పావు భాగం అయింది, నాలుగు భాగాల పద్యంలో ఒక్క వరుస కూడా పాదం అయింది.

ఇవన్నీ ఒక్క ఏరు పాయలుగా చీలిన తీరు. మరో తీరు కూడా ఉంది. ఎక్కడో పుట్టిన వేరువేరు కాలవలు ఒకచోట కలిసిపోయినట్లు, సంబంధం లేని మాటలు ఒకే రూపం ధరించడం. పాలు తాగేవి, పాలు పంచుకునేవి. ఓడ నీటి మీద పోయేది, ఓడడం గెలవకపోవడం. వీటికి చుట్టరికం కల్పించబోతే నవ్వులపాలవుతాం. పిల్లలకు నానార్థాలు చెప్పేవారు ముందుగా ఈ రెండు తీరులనూ వేరుచేసి చూపితే సగం బరువు దిగిపోతుంది. మొదటి తీరును కథగా చెప్పాలి, రెండో తీరును వాక్యాలలో పెట్టి చూపాలి.

ఈ సందర్భంలో బ్రౌన్ చేసిన ఒక సాహసాన్ని చెప్పుకోవాలి. అరసున్న, బండి ఱ వాడుకలో పనికిరానివని ఆయన అభిప్రాయం. నిఘంటువులో వాటిని పాటించలేదు. పాత రాతలో ఏఁడు అని అరసున్నతో రాస్తే సంవత్సరం, ఏడు అని రాస్తే అంకె. వీఁడు అంటే ఈ మనిషి, వీడు అంటే పట్టణం. అరుగు అంటే వెళ్ళు, అఱుగు అంటే జీర్ణమగు. ఆ గుర్తులు పోతే మాటలు కలగాపులగం అవుతాయని పండితుల భయం. భయం వట్టిది కాదు. కాని జనం నోట ఆ తేడా ఎప్పుడో చెరిగిపోయింది. ఈనాడు మనమందరం అరసున్న లేకుండానే రాస్తున్నాం. ఏడు అని రాసి అంకెనూ, సంవత్సరాన్నీ ఆ మాటతోనే నడుపుకుంటున్నాం. ఏడవమని కసిరేటప్పుడూ ఏడు అనే అంటాం! గుర్తు చేసిన పని ఇప్పుడు సందర్భం చేస్తున్నది. మన వాచకాలలోని నానార్థాలు కొన్ని ఈ విధంగా రాత మారినందువల్ల పుట్టినవేనని మనం గమనించం.

బ్రౌన్ కృషి ఒక్క నిఘంటువుతో ఆగలేదు. ఆ 1852 ప్రాంతంలోనే నేర్చుకునేవారి కోసం తెలుగు రీడరు, పలుకుబడుల కోసం వాక్యావళి ప్రకటించాడు. ఉత్తరాలు, అర్జీలు, సంభాషణలు, కథలు పాఠాలుగా పెట్టాడు. భాషను పద్యంతోనే కాక జనం రాసుకునే ఉత్తరంతో కూడా నేర్పవచ్చని చూపాడు. 1854లో మిశ్రభాషా నిఘంటువు వేశాడు. కచేరీలలో తెలుగుతో కలిసిపోయిన పారశీక, హిందుస్తానీ మాటల సంచి అది. ఆ మాటల తమాషా చూడండి. కచేరి అంటే ఆనాడు అధికారి కొలువు. ఈనాడు కచేరి అనగానే మనకు వీణ, మృదంగం గుర్తొస్తాయి. రాజీనామా అంటే ఆనాడు వాది ప్రతివాదులు రాజీపడి రాసుకునే కాగితం. రైతు తన భూమిని వదులుకుంటూ ఇచ్చేదీ రాజీనామాయే. ఈనాడు మంత్రిగారు పదవి వదులుకుంటే రాజీనామా. అర్థాలు బతికున్న ప్రాణుల వంటివి. కొన్ని పుడతాయి, కొన్ని చస్తాయి, కొన్ని ఊరు మారి కొత్త కాపురం పెడతాయి. వాటి పుట్టుక లెక్క రాసిపెట్టినవాడు లేకపోతే పాత దస్తావేజు మనకు అర్థమే కాదు.

ఆరోగ్యం దెబ్బతిని 1855లో ఉద్యోగం విడిచి లండను చేరాడు. అంతటితో తెలుగును వదిలాడా? లేదు. 1865లో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. మద్రాసు రేవులో ఏమీ తెలియక దిగిన కుర్రవాడు దాదాపు యాభై ఏళ్ళ తరువాత మరి కొందరు కుర్రవాళ్ళకు తెలుగు చెప్పే గురువయ్యాడు. నిఘంటువుకు సవరణలు చేసుకుంటూ, పుస్తకాలు దిద్దుకుంటూ 1884 డిసెంబరు 12న లండనులో కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడే, 1885లో, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం వెలువడింది. తెలుగు మాటకు తెలుగులోనే అర్థం చెప్పే ఆ గ్రంథంతో మన వాళ్ళ చేతిలో మన నిఘంటువు వచ్చింది. ఒక దీపం ఆరుతుండగా మరో దీపం వెలిగినట్లయింది.

బ్రౌన్‌ను పొగడడమంటే ఆయన లోపాలు దాచడం కాదు. ఆయన కంపెనీ కొలువులోని అధికారి. పన్నులు పిండిన పాలనలో ఆయనా ఒక భాగం. నిఘంటువులో కొన్ని అర్థాలు తప్పాయి, కొన్ని వ్యుత్పత్తులు నిలవవు. 1903లో దాని రెండో కూర్పు వచ్చినప్పుడు సవరించినవారిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు కూడా ఉన్నారు. పైగా ఈ పనిలో చెమటోడ్చిన పండితులు మన తెలుగువారే. వాళ్ళ పేర్లు చాలావరకు పుస్తకం అట్ట మీదికి ఎక్కలేదు. జూలూరి అప్పయ్య వంటివారి పేరు చెప్పకుండా బ్రౌన్ పేరు ఒక్కటే చెప్పడం కూడా ఒక విధమైన అన్యాయమే. ఇవన్నీ ఒప్పుకున్నా, తన భాష కాని భాషకు సొంత డబ్బు పోసి, అప్పుల పాలై, ఒక జీవితకాలం ధారపోసిన మనిషి మరొకడు కనపడడం కష్టం. కడపలో ఆయన బంగళా ఉన్న చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఊరూరా చందాలు పోగుచేసి ఆయన పేర గ్రంథాలయం నిలబెట్టారు. తరువాత అది యోగివేమన విశ్వవిద్యాలయంలో చేరి పరిశోధన కేంద్రంగా నడుస్తున్నది. వేమన పేరు గల విశ్వవిద్యాలయం గొడుగు కిందికే బ్రౌన్ చేరడం ఎంత సముచితమో చెప్పనక్కరలేదు.

ఇక మనం చేయవలసిందేమిటి? విద్యార్థి మిత్రులలో రేపు పంతుళ్ళు కాబోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ రోజే ఇంటి దగ్గర తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, పక్కింటి పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు నానార్థాలు చెప్పేటప్పుడు జాబితాతో మొదలుపెట్టకండి. మాటను ముందు వాక్యంలో పెట్టండి. ఒకే మాటతో రెండు వాక్యాలు చెప్పి, తేడా ఏమిటో వాళ్ళనే కనిపెట్టమనండి. వాళ్ళ ఇంట్లో, వలల దగ్గర, పొలంలో, సంతలో ఆ మాట ఎట్లా వాడతారో అడిగి తెలుసుకోండి. చేపల బుట్ట మోసే అవ్వకు తెలిసిన అర్థం మన గైడులో లేకపోవచ్చు. అటువంటిది దొరికితే నోటుపుస్తకంలో రాసుకోండి. అర్థాలన్నీ తెలిశాక అప్పుడు జాబితా కంఠతా పట్టించండి, తప్పులేదు. అమరం వల్లించిన మన తాతలు తెలివితక్కువవాళ్ళు కారు కదా.

పిల్లవాడు ఈ పద్ధతిలో నేర్చుకుంటే మార్కులు ఎట్లాగూ వస్తాయి. దానితోపాటు మరొకటి వస్తుంది. ఎదుటివాడు అన్న మాటకు తనకు తోచిన అర్థం ఒక్కటే కాదు, ఇంకొకటి కూడా ఉండవచ్చునని ఆగి ఆలోచించే గుణం వస్తుంది. సగం తగాదాలు మాట అపార్థం వల్లనే కదా పుడుతున్నాయి! పెద్దయ్యాక కాగితం మీద కొరత అని రాయాలో కరువు అని రాయాలో తేల్చుకోవలసిన కుర్చీలో వాళ్ళు కూర్చున్న రోజున ఆ గుణం పదిమందికీ పనికివస్తుంది. ఆనాడు గుంటూరులో బ్రౌన్ దొర చూపింది ఆ గుణాన్నే.